చలిరాత్రి విందు... పండుతో పోర్కు!

కొవ్వున్న మాంసానికి పుల్లని కాయను జతచేయడం తెలుగు వంటింటికి కొత్తేమీ కాదు. మామిడికాయ మాంసం, చింతచిగురు మాంసం, వాక్కాయ మాంసం... ఇవన్నీ ఆ కోవలోవే. ఐటీ ఉద్యోగుల ఫ్లాట్లలో ఇప్పుడు ఆ జాబితాలోకి ఇంకో జోడీ చేరుతోంది. అదే పోర్కు, పండు!

డిసెంబరు వచ్చిందంటే హైదరాబాద్ పడమటి అంచున చలి ఓ పిసరు ఎక్కువే. చెరువులూ రాళ్లగుట్టలూ ఇంకా కాస్త మిగిలున్న శేరిలింగంపల్లి వైపు కొన్ని రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగిపోతుంది. రాయదుర్గంలో మెట్రో దిగినవాళ్లూ, బయో డైవర్సిటీ కూడలిలో ట్రాఫిక్‌ను దాటుకొచ్చినవాళ్లూ ఇల్లు చేరేసరికి ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. ఆ వేళకి వేడివేడిగా ఏదైనా తినాలనిపిస్తుంది. కానీ గంటల తరబడి పొయ్యి దగ్గర నిలబడే ఓపికుండదు. ఫోన్ తీసి బిర్యానీ ఆర్డర్ చేసేస్తే పనైపోతుంది, నిజమే. కానీ వారంలో మూడు రోజులు అదే బిర్యానీ అయితే?

అలాంటి రాత్రులకు అతికినట్టు సరిపోయేది ఒకే గిన్నెలో అయిపోయే వంట. తరిగి, వేయించి, కుక్కర్ మూత పెట్టేస్తే మిగతా పని దానంతటదే అయిపోవాలి. పోర్కుతో పండు కలిపి వండే కూర సరిగ్గా అలాంటిదే. మసాలాలు తక్కువ, పని తక్కువ, రుచి మాత్రం ఘనం.

కొత్త ఊరు... పాత రుచులు

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి మాదాపూర్ చుట్టుపక్కల బండరాళ్లే ఎక్కువ. ఆ తర్వాత పాతికేళ్లలో అక్కడికి దేశం నలుమూలల నుంచీ మనుషులొచ్చారు. వాళ్లతోపాటే వాళ్ల వంటలూ వచ్చాయి. కొడగు నుంచి వచ్చినవాళ్లకు పందికూర పండగ వంట. గోవావాళ్లకు విందాలూ, సోర్పొతెల్ లేనిదే క్రిస్మస్ కాదు. అస్సాం, నాగాలాండ్, మేఘాలయ, మిజోరం నుంచి వచ్చినవాళ్లకైతే మన ఇళ్లలో కోడికూర ఎంతో పోర్కు అంత. వీళ్లందరి కోసం మొదలైన చిన్న చిన్న హోటళ్లలోకి పక్క సీటులో పనిచేసే తెలుగువాళ్లూ సరదాగా వెళ్లడం మొదలుపెట్టారు. ఒకసారి రుచి చూశాక కొందరు ‘మనింట్లో వండుకోలేమా?’ అనుకుంటున్నారు.

అయితే హైదరాబాద్‌కు పోర్కు పరిచయం ఐటీతోనే మొదలైందనుకుంటే పొరపాటే. 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఏర్పడిన నాటి నుంచీ అక్కడి తెల్లదొరల బల్లల మీదా, తర్వాత ఆంగ్లో ఇండియన్ కుటుంబాల ఇళ్లలోనూ అది ఉంది. అంతకన్నా ముందు నుంచీ తెలుగు పల్లెల్లోనూ ఉంది. ఎరుక చెప్పడం, బుట్టలల్లడంతోపాటు పందుల పెంపకం ఎరుకల కుటుంబాలకు తరతరాల జీవనాధారం. పలు దళిత కుటుంబాల్లోనూ ఆ కూర వండుకుంటారు. ఊరి చివరికి నెట్టేసిన మనుషులతోపాటు వాళ్ల కూరనూ ఊరు చిన్నచూపు చూసింది. అదే మాంసం ఇప్పుడు సూపర్ మార్కెట్లో చల్లటి అరలో, ప్లాస్టిక్ పొర చుట్టుకుని కూర్చుంటే మాత్రం ఖరీదైన తిండి అయిపోయింది! వండేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది. ఇది ఎక్కడో విదేశాల నుంచి ఊడిపడ్డ వంట కాదు. మన మధ్యే ఉండి, మనం కన్నెత్తి చూడని వంట.

తినడమా మానడమా అన్నది ఎవరిష్టం వాళ్లది. మతపరంగా నిషిద్ధమైనవాళ్లున్నారు, అలవాటు లేనివాళ్లున్నారు. వాళ్ల నమ్మకాన్ని గౌరవించాల్సిందే. ఇష్టం ఉండీ భయంతోనో మొహమాటంతోనో ఆగిపోయినవాళ్ల కోసమే ఈ ముచ్చట.

పులుపు చేసే పని ఇది!

పోర్కులో కొవ్వు ఎక్కువ. పొట్టభాగమైతే పచ్చిమాంసం వంద గ్రాముల్లో సగం కొవ్వే ఉంటుంది. కమ్మదనమంతా అందులోనే ఉంది, చిక్కూ అందులోనే ఉంది. నాలుగు ముక్కలు తినేసరికి నాలుక మీద జిడ్డు పేరుకుని ‘చాలు’ అనిపిస్తుంది. అక్కడే పండు అక్కరకొస్తుంది. పులుపు తగలగానే నోట్లో నీరూరుతుంది, నాలుక శుభ్రమై మళ్లీ ముద్ద రుచిస్తుంది. ముద్దపప్పులో ఆవకాయ కలుపుకున్నా, వేటమాంసంలో మామిడికాయ వేసినా జరిగేది ఇదే. మన అమ్మమ్మలకు ఈ లెక్క చెప్పకుండానే తెలుసు.

పులుపు ఒక్కటే కాదు, పండులోని తీపీ పనిచేస్తుంది. మిరియాల ఘాటునూ ఉప్పునూ అది సర్దుతుంది. ఆపిల్‌లాంటి పండ్లలో పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. జామ్ గట్టిపడేది దానివల్లే. కూరలో ఉడికినప్పుడు అదే గ్రేవీని చిక్కబరుస్తుంది. కాబట్టి జీడిపప్పు ముద్ద, కొబ్బరిపాలు లాంటివేవీ అక్కర్లేదు.

కొన్ని పండ్లు మాంసాన్ని మెత్తబరుస్తాయి కూడా. మన పత్తర్ కా గోష్త్‌లో పచ్చిబొప్పాయి ముద్ద పట్టించేది ఇందుకే. బొప్పాయిలో పపైన్ ఉన్నట్టే అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది మాంసకృత్తులను విడగొడుతుంది. అయితే పచ్చి అనాసరసంలో మాంసాన్ని రాత్రంతా నానబెడితే ముక్క పిండిపిండిగా అయిపోతుంది. అరగంట చాలు. వేడి తగిలితే ఆ ఎంజైమ్ పనిచేయదు కాబట్టి ఉడికించాక బెంగలేదు.

దేశదేశాల జోడీ

పందిమాంసం ఎక్కువగా తినే చోటల్లా పక్కన ఏదో ఒక పండు కనిపిస్తుంది. ఐరోపా పల్లెల్లో పూర్వం తోటల్లో రాలిన ఆపిల్స్‌ను పందులకు మేతగా వేసేవారు. చలికాలం ముంచుకొచ్చే ముందు, నవంబరులో వాటిని కోసి మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి దాచుకునేవారు. అటకమీద నిల్వచేసిన ఆపిల్స్ ఎలాగూ ఉండేవి. అలా రెండూ ఒకే పళ్లెంలోకి చేరాయి. ఇంగ్లండులో వేయించిన పోర్కు పక్కన ఆపిల్ సాస్ పెట్టడం ఇప్పటికీ ఆచారమే. ఫ్రాన్సులోని నార్మండీలో ఆపిల్స్‌తోపాటు వాటి నుంచి తీసిన సైడర్‌నూ పోసి వండుతారు. చైనాలోని కాంటన్ వంట ‘స్వీట్ అండ్ సోర్ పోర్క్’ ప్రపంచం చుట్టి వచ్చేసరికి అందులో అనాస ముక్కలు భాగమైపోయాయి.

మన దేశం సంగతికొస్తే... గోవా విందాలూకు మూలం పోర్చుగీసువాళ్లు వైన్, వెల్లుల్లి కలిపి వండుకున్న మాంసం. వైన్ అంటే ద్రాక్షరసమేగా! గోవాకు వచ్చాక ఆ స్థానంలోకి కొబ్బరికల్లుతో చేసిన వెనిగర్ వచ్చింది, మిరపకాయలు తోడయ్యాయి. అస్సాంలో ‘ఔ టెంగ’ అనే పుల్లని కాయను పప్పులో, చేపల్లో వేసినట్టే పోర్కులోనూ వేస్తారు.

అన్నిటికన్నా మనకు దగ్గరది కొడగు పందికూర. నల్లగా నిగనిగలాడే ఆ కూర రహస్యమంతా కాచంపులిలో ఉంది. పడమటి కనుమల్లో కాసే ఒక రకం పుల్లని పండ్లను మగ్గబెట్టి, వాటినుంచి కారిన రసాన్ని పట్టి, నల్లటి పానకంలా చిక్కబడేదాకా కాచితే వచ్చేదే కాచంపులి. మలయాళీలు కుడంపులి అని చేపల కూరలో వేసేదీ ఆ చెట్టు కాయలనే. కూర దించే ముందు ఒకటి రెండు చెంచాలు వేస్తే చాలు, కిలో మాంసానికి సరిపడా పులుపు వచ్చేస్తుంది. చివర్లో చింతపండు పులుసు పోసి చేపల కూరను దారికి తెచ్చుకునే తెలుగువాళ్లకు ఈ పద్ధతి అర్థంకావడానికి ఎంతసేపు పడుతుంది?

మన చలికాలపు బుట్టలో...

మామిడికాయ రావాలంటే ఫిబ్రవరి దాటాలి. వాక్కాయలు వానల్లోనే అయిపోతాయి. మరి డిసెంబరు, జనవరిలో వండాలంటే? అప్పుడు దొరికేవాటికీ కొదవలేదు.

ఆపిల్: కాశ్మీర్, హిమాచల్ పండ్లు చలికాలంలో వీధి బండ్ల మీదే దొరుకుతాయి. బాగా మగ్గి పిండిపిండిగా ఉన్నవి పనికిరావు. గట్టిగా, కాస్త పుల్లగా ఉన్నవి ఏరుకోవాలి. ఆకుపచ్చ ఆపిల్ అయితే మరీ మంచిది.

ఉసిరికాయ: కార్తికం నుంచి సంక్రాంతి దాకా పుష్కలం. పులుపు, వగరు రెండూ ఉంటాయి కాబట్టి కొవ్వుకు సరైన జోడీ. కాకపోతే తక్కువ వేయాలి.

అనాస: దాదాపు ఏడాది పొడవునా దొరుకుతుంది. తీపి ఎక్కువుంటే మిరియాలు పెంచాలి.

కమలా, బత్తాయి: నల్గొండ బత్తాయిరసం అరగ్లాసు పోసినా చాలు. తొనలు వేస్తే చేదెక్కుతుంది. గింజ పడకుండా రసం మాత్రమే వాడుకోవాలి.

భయమెంత? నిజమెంత?

పోర్కు అనగానే చాలా ఇళ్లలో మొదట వచ్చే మాట ‘పురుగులుంటాయట!’. ఈ భయంలో కొంత నిజముంది. దాన్ని సరిగ్గా తెలుసుకుంటే జాగ్రత్త పడటం తేలిక.

బద్దెపురుగు ఉన్న మనిషి మలంలో దాని గుడ్లుంటాయి. ఆరుబయట ఆ మలాన్ని తిన్న పంది కండరాల్లో అవి చిన్న చిన్న తిత్తులుగా మారతాయి. ఆ మాంసాన్ని సరిగ్గా ఉడికించకుండా తింటే మనిషి పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. ఇక మెదడులోకి చేరి మూర్ఛ తెప్పించే జబ్బు, అంటే న్యూరోసిస్టిసర్కోసిస్, వచ్చే దారి వేరు. అది మాంసం తినడంవల్ల కాదు, పురుగు గుడ్లు నోట్లోకి పోవడంవల్ల వస్తుంది. కడుక్కోని చేతులు, కలుషితమైన నీళ్లు, మురుగునీటితో పండించి సరిగ్గా కడగని ఆకుకూరల ద్వారా ఆ గుడ్లు చేరతాయి. అందుకే జన్మలో మాంసం ముట్టనివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. ‘క్యాబేజీలోని పురుగు మెదడుకెక్కుతుంది’ అని మన ఇళ్లలో చెప్పుకునే మాట వెనకున్న అసలు సంగతి ఇదే. క్యాబేజీ తప్పు లేదు, దాన్ని కడగకపోవడమే తప్పు.

కాబట్టి చేయాల్సినవి రెండే. ఒకటి, మాంసం ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోవడం. వీధుల్లో తిరిగే పందులవి కాకుండా ఫారాల్లో దాణా వేసి పెంచిన సీమపందుల మాంసమే కొనాలి. ప్యాకెట్ మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, ప్యాక్ చేసిన తేదీ ఉన్నాయో లేదో చూడాలి. రెండు, పూర్తిగా ఉడికించడం. ముక్క లోపల 71 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే బద్దెపురుగు తిత్తులు బతకవు. ప్రెషర్ కుక్కర్‌లో వేడి దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది. అంటే మన వంటింటి కుక్కరే పెద్ద కాపలాదారు అన్నమాట! పచ్చిమాంసం కోసిన పలకనూ కత్తినీ వెంటనే సబ్బుతో కడగాలి. వాటితోనే పండ్లు కోయకూడదు. ఈ వంటలో పండూ మాంసం పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ముందే పండు తరిగి పక్కన పెట్టుకోవడం ఉత్తమం.

ఈమధ్య వినిపిస్తున్న ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ గురించీ కొందరు అడుగుతుంటారు. 2020లో మన దేశంలో మొదటిసారి ఈశాన్య రాష్ట్రాల్లో బయటపడిన ఈ జబ్బు పందులకు ప్రాణాంతకమే, పెంపకందారులను నిండా ముంచేస్తుంది. మనుషులకు మాత్రం సోకదు. అడవిపంది మాంసం ఉందంటూ ఎవరైనా రహస్యంగా అమ్మజూపితే మాత్రం దాని జోలికి పోవద్దు. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా ఏ తనిఖీ లేని మాంసం.

కొవ్వు సంగతి కూడా చూసుకోవాలి. గుండెజబ్బు, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లు పొట్టభాగం బదులు నడుం భాగంలోని కండ తెచ్చుకుని, అదీ వైద్యుడి సలహా ప్రకారమే తినాలి. సాసేజ్‌లు, బేకన్ లాంటి నిల్వ మాంసాలను క్యాన్సర్ కారకాలుగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రకటించింది. అందుకే ఇంట్లో వండుకునే తాజా మాంసమే మేలు. పోర్కులో థయమిన్ అనే బి1 విటమిన్ సమృద్ధిగా ఉంటుంది. మిగతా మాంసాలకన్నా అందులో దీనిదే పైచేయి.

ఆపిల్ పోర్కు (నలుగురికి)

కావలసినవి: పోర్కు (భుజం భాగం, కొద్దిగా కొవ్వుతో) - ముప్పావు కిలో, ఆపిల్స్ - రెండు, ఉల్లిపాయలు - రెండు పెద్దవి, వెల్లుల్లి - ఎనిమిది రెబ్బలు, అల్లం - అంగుళం ముక్క, మిరియాలు - ఒకటిన్నర చెంచా, దాల్చినచెక్క - అంగుళం ముక్క, లవంగాలు - మూడు, కారం - అరచెంచా, పసుపు - పావుచెంచా, నిమ్మరసం - ఒక పెద్ద చెంచా, నీళ్లు - ఒక కప్పు, ఉప్పు - తగినంత, కరివేపాకు - ఒక రెబ్బ.

తయారీ: ఆపిల్స్‌ను చెక్కు తీయకుండా, గింజలు తీసేసి కాస్త పెద్ద ముక్కలుగా కోసి, రంగు మారకుండా సగం నిమ్మరసం పట్టించి పక్కన పెట్టాలి. మాంసాన్ని అంగుళం ముక్కలుగా కోసి ఉప్పు, పసుపు కలపాలి. మిరియాలు కచ్చాపచ్చాగా దంచుకోవాలి. అల్లం, వెల్లుల్లి కూడా దంచితే చాలు, మెత్తగా నూరక్కర్లేదు.

కుక్కర్ వేడయ్యాక నూనె వేయకుండానే ముందు కొవ్వు ఎక్కువున్న ముక్కలు వేయాలి. రెండు నిమిషాల్లో వాటి నుంచే నూనె ఊరుతుంది. అందులో మిగతా ముక్కలు వేసి, కదపకుండా కాసేపు వదిలి, రెండువైపులా ఎర్రగా వేగనివ్వాలి. ఈ వంటలో తొందరపడకూడనిది ఇక్కడ ఒక్కచోటే. ముక్క ఎర్రబడకపోతే కూర తెల్లగా, చప్పగా వస్తుంది. తర్వాత దాల్చినచెక్క, లవంగాలు, ఉల్లిపాయ చీలికలు, కరివేపాకు వేసి ఉల్లిపాయ రంగు మారాక అల్లం, వెల్లుల్లి, కారం, సగం మిరియాలు వేయాలి. నీళ్లు పోసి, అడుగున పట్టినదంతా గరిటెతో గీరి కలిపి మూత పెట్టాలి. ఒక విజిల్ వచ్చాక మంట తగ్గించి ఇరవై నిమిషాలు ఉంచాలి.

ఆవిరి పోయాక మూత తీసి ఆపిల్ ముక్కలు వేసి, మూత లేకుండా ఏడెనిమిది నిమిషాలు సన్నమంట మీద ఉడికించాలి. ముక్క మెత్తబడాలి కానీ ఆకారం పోకూడదు. మొదట్లోనే వేస్తే గుజ్జయిపోయి అడుగంటుతుంది. చివర్లో మిగిలిన మిరియాలు, నిమ్మరసం వేసి దించాలి. పైన నూనె మరీ ఎక్కువ తేలితే చెంచాతో తీసేయొచ్చు. వేడన్నంలోకి బాగుంటుంది, జొన్నరొట్టెతో ఇంకా బాగుంటుంది.

ఉసిరితో అయితే...

పై పద్ధతిలోనే ఆపిల్ బదులు నాలుగు ఉసిరికాయలను తురిమి, మూత తీశాక కలిపి పది నిమిషాలు ఉడికించాలి. దాల్చినచెక్క మానేసి చెంచా ధనియాలు, అరచెంచా జీలకర్ర వేయించి పొడిచేసి వేయాలి. కారం ఒక చెంచాకు పెంచి, పచ్చిమిర్చి నాలుగు చీరి వేస్తే అచ్చం మన కూరే. వగరు ఎక్కువనిపిస్తే చిటికెడు బెల్లం సర్దేస్తుంది.

అనాసతో అయితే...

కప్పున్నర అనాస ముక్కలు తీసుకోవాలి. వాటిలో రెండు చెంచాల రసం పిండి మాంసానికి అరగంట ముందు పట్టించాలి. మిగతా ముక్కలను చివర్లో ఆపిల్‌లాగే వేయాలి. ఎండుమిర్చి నాలుగు తుంచి వేస్తే తీపి, కారం పోటీపడతాయి. పిల్లలు ఇష్టపడేది ఈ రకమే.

ఇంట్లో అందరితో...

కూర మిగిలితే దిగులక్కర్లేదు. పులుపు, కొవ్వు, మిరియాలు రాత్రంతా కలిసి మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. తినేముందు కుతకుతలాడేలా వేడిచేయాలి. ఆఫీసుకు తీసుకెళ్తే డబ్బా తెరిచే ముందు పక్కవాళ్లకు ఒక్కమాట చెప్పడం మర్యాద. అందరూ వాడే ఓవెన్‌లో పెట్టేముందు ఇది మరీ అవసరం. ఇంటికి అతిథులను పిలిచినా అంతే. ఏం వండారో ముందే చెప్పాలి, తినని వాళ్లకోసం మరో కూర వేరే గిన్నెలో వేరే గరిటెతో సిద్ధం చేయాలి. ఇంట్లో ఎవరైనా అయ్యప్ప మాల వేసుకుంటే ఆ నలభై ఒక్క రోజులూ ఈ వంట ఊసు ఎత్తకపోవడమే మంచిది. ఒకే ఫ్లాట్‌లో ఉండే స్నేహితుల్లో ఎవరికైనా ఇబ్బంది ఉంటే ముందే మాట్లాడుకుని గిన్నె, గరిటె విడిగా పెట్టుకుంటే పేచీ ఉండదు.

2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న పందులు సుమారు 90 లక్షలు. 2012తో పోలిస్తే 12 శాతం తగ్గాయి. తినేవాళ్లు కొత్తగా చేరుతున్నా పెంచేవాళ్లు తగ్గుతున్నారన్నమాట. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం మేలుజాతి పందుల పెంపకంపై పరిశోధనలు చేస్తోంది. హైదరాబాద్ శివారు చెంగిచర్లలో మాంస పరిశోధనకే ఒక జాతీయ సంస్థ ఉంది. వాటి ఫలితం ఊరి చివర గుడిసెల దాకా చేరితే, శుభ్రమైన కొట్టాలూ టీకాలూ దాణా అందితే, తరతరాలుగా ఈ పని తెలిసినవాళ్లే సైబరాబాద్ ఫ్లాట్లకు మంచి మాంసం అందించగలరు. అప్పుడు కూరతోపాటు దాన్ని పెంచిన చేతులకూ గౌరవం దక్కుతుంది.